పేరు చెప్పండి, పూర్తిగా

నా పేరు మస్తానరావు. గుంటూరులో ఉన్నంతకాలం ఈ పేరులో విశేషం ఉందని నాకు తెలియదు. బడిలో మాస్టారు "మస్తానూ" అని పిలిస్తే ఇద్దరు ముగ్గురం లేచి నిలబడేవాళ్లం. నాకు ముందు పుట్టినవాళ్లు దక్కలేదట. మా నాయనమ్మ కాలే మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకుంది, నేను దక్కాను, బాబా పేరు నాకు పెట్టేశారు. మొక్కు చెల్లించినట్టు రసీదన్నమాట. చివర్న 'రావు' తగిలించింది మా నాయన. అది ఆయన సరదా.

ఆ రసీదు పట్టుకుని నాంపల్లిలో అద్దె గది కోసం తిరిగినప్పుడు గానీ దాని విలువ తెలిసిరాలేదు.

"ఏం పేరు?" అన్నాడు ఇంటి ఓనరు.

"మస్తానండి."

ఆయన చూపు గేటుకు వేలాడుతున్న టులెట్ బోర్డు మీదికి పోయింది. అది అక్కడ ఎందుకుందా అన్నట్టు చూశాడు.

"మస్తానరావండి," అన్నాను.

"రావా?" కుర్చీ వచ్చింది. "ఏ రావు? దొరలా?"

"కాదండి, గుంటూరు."

"గుంటూర్ల కులాలుండవా? ఇంటిపేరు చెప్పుండ్రి."

చెప్పాను. అది విన్నాక ఆయన మొహం ఇంకా అయోమయంగా తయారైంది. ఆఖరికి దాపరికం మానేసి, "మీరేమోళ్లు?" అని అడిగేశాడు. మావైపు ఇదే ప్రశ్నను "మీరేమిట్లండీ?" అని మర్యాద చుట్టి అడుగుతారు. గది మాత్రం రెండు చోట్లా జవాబును బట్టే దొరుకుతుంది.

అదే సాయంత్రం యూసుఫైన్ దర్గా దగ్గర చాయ్ తాగబోతే, గల్లా మీద కూర్చున్నాయన నా పేరు విని "ఆయియే మస్తాన్ భాయ్" అని పక్కకు జరిగి చోటిచ్చాడు. 'రావు' సంగతి నేను ఎత్తలేదు. అక్కడ దాంతో పని లేదు. ఆ దర్గాకు గురువారం వచ్చే జనంలో కొబ్బరికాయలు అలవాటైన చేతులూ చాలానే ఉంటాయి. వాళ్లలో ఎవరింట్లోనో ఇంకో మస్తానో, సైదులో, నాగూరో పెరుగుతూ ఉంటాడు.

తెలుగువాళ్లకు ఆధార్ కార్డు రాకముందు పేరే ఆధార్ కార్డు. పెంచలయ్య అంటే నెల్లూరు, సింహాచలం అంటే విశాఖ, ఓబులేసు అంటే అహోబిలం దరిదాపులు. యాదగిరి, యాదమ్మ అంటే నల్లగొండ బస్సెక్కి వచ్చినవాళ్లు. కొమురయ్య, సమ్మయ్య, సారయ్య అంటే ఓరుగల్లు వైపు చూడొచ్చు. చిరునామా చెప్పకుండానే ఉత్తరం బట్వాడా అయిపోతుంది. పేరు చివర రెడ్డి, చౌదరి, శర్మ, గౌడ్ ఉంటే ఇక పిన్‌కోడ్ కూడా పడ్డట్టే.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది పెంటయ్య. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, ఈసారి పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి, అదే పేరు పెట్టేవారు. ఇంత పనికిమాలినవాణ్ణి తీసుకుపోయి ఏం చేసుకుంటానని యముడు తిరిగిపోవాలని. పుల్లయ్య విస్తరాకులోంచి వచ్చాడు, భిక్షపతి బిచ్చంగా దొరికాడు, ఉత్తరాంధ్రలో తవిటయ్యను తవుడిచ్చి కొనుక్కున్నారు. యముణ్ణి మోసం చెయ్యడానికి ఓ తల్లి పన్నిన ఎత్తు అది. పాపం, అది యముడి దగ్గర పనిచేసింది గానీ ఆఫీసులో హెచ్చార్ దగ్గర పనిచెయ్యలేదు. పెంటయ్యలందరూ పట్నం రాగానే పి. కుమార్‌లైపోయారు.

దేవుడూ దర్గా రెండూ వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. నాస్తికుడు గోరా గారు ఉప్పు సత్యాగ్రహం సాగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని, లోకం యుద్ధం అంచున నిలబడ్డ 1939లో పుట్టినవాడికి సమరం అని పేర్లు పెట్టారు. చరిత్ర పరీక్షకు సంవత్సరాలు గుర్తుపెట్టుకోలేని పిల్లలకు ఆ ఇల్లు బాగా ఉపకరించేది. కులం తెలియకూడదని పెట్టిన పేర్లవి. తెలియలేదు కూడా. కాకపోతే వాళ్ల నాన్న ఎలాంటివాడో ఆ పేర్లు గడప దాటకముందే చెప్పేశాయి.

ఇదే నా అభియోగం. పేరు ఊరుకోదు. దాని నోరు నొక్కేకొద్దీ ఇంకోటేదో వాగుతుంది.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఓసారి 'పిల్లల పేర్లు' అనే చిన్న పుస్తకం దొరికింది. అట్ట చిరిగింది, ధర తక్కువ. లోపల ఎవరో పెన్సిలుతో టిక్కులు పెట్టుకున్నారు. కనకదుర్గ మీద అడ్డగీత. సుబ్బలక్ష్మి మీద రెండు అడ్డగీతలు, రెండోది కాగితం చిరిగేంత గట్టిగా. స్వాతికి టిక్కు. పక్కనే మరో చేతిరాతలో, ఇంకుపెన్నుతో, "మా అమ్మ పేరు కలవాలి". ఆ కింద పెన్సిలు సమాధానమేమీ లేదు. ఆ అమ్మాయి ఇప్పుడు ఏ ఊళ్లోనో స్వాతి సుబ్బలక్ష్మిగా సంతకం పెడుతూ ఉంటుందని నా నమ్మకం.

వెంకట్రామయ్యల కడుపున రమేష్, సురేష్‌లు పుట్టారు. వాళ్ల పిల్లలు సాయికిరణ్, సాయితేజలు. ఇప్పుడు వాళ్లకు పుట్టేవాళ్లందరూ ఏదో ఒక 'అంశ్'. మా తమ్ముడి మనవడు హస్త మూడో పాదంలో పుట్టాడు. శాస్త్రం ప్రకారం 'ణ'తో పేరు పెట్టాలి. 'ణ'తో మొదలయ్యే మాట ఒక్కటి దొరుకుతుందేమోనని ఇంటిల్లిపాదీ నిఘంటువు తిరగేశారు. సిద్ధాంతి గారే దయతలచి 'న'కు దిగారు. తర్వాత న్యూమరాలజీ ఆయన వచ్చి స్పెల్లింగులో రెండు 'ఎ'లు, ఒక 'హెచ్' ఎక్కించాడు. ఆ పేరును ఇంట్లో తప్పులేకుండా రాయగలిగేది పిల్లాడి తల్లి ఒక్కతే. మిగతా అందరం చిన్నూ అంటాం.

దీని పర్యవసానం నాంపల్లి ఎగ్జిబిషన్‌లో చూడాలి. 1938లో మొదలైన నుమాయిష్ అది, మామూలుగా ఏటా జనవరి ఒకటిన తెరుస్తారు. తప్పిపోయిన పిల్లల కోసం అక్కడ మైకులో చెబుతుంటారు. వెనకటికి "రాజు అనే బాబు, ఎర్రచొక్కా" అంటే పదిమంది రాజుల తల్లులు పరిగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు మైకాయన చీటీలో పేరు చూసి, గొంతు సవరించుకుని, రెండుసార్లు ప్రయత్నించి, చివరికి "నీలం టీషర్టు బాబు" అని సరిపెడతాడు. నాయనమ్మ పక్కనే నిలబడి విన్నా తన మనవడి సంగతేనని పోల్చుకోలేదు. ఆవిడకు తెలిసినవాడు చిన్ను.

కులం, ఊరు తెలియకుండా ఉండాలనే ఈ 'అంశ్'లన్నీ. కానీ అలాంటి పేరు వినగానే నేను చెప్పేయగలను: పుట్టింది 2015 తర్వాత, కార్పొరేట్ ఆసుపత్రిలో, తండ్రి సాఫ్ట్‌వేర్, అపార్టుమెంటులో క్లబ్‌హౌస్ ఉంది. యాదగిరి తన జిల్లా ఒక్కటే చెప్పేవాడు. వీడు తండ్రి శాలరీ స్లిప్పు చూపిస్తున్నాడు.

ఇంతవరకూ నవ్వులాటే. నవ్వు ఆగే చోటొకటుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ప్రైవేటు ఉద్యోగాలకు ఒకే రకం అర్హతలతో దరఖాస్తులు పంపారు, పేర్లు మాత్రం మార్చి. దళిత పేర్లకు పిలుపులు తగ్గాయి, ముస్లిం పేర్లకు ఇంకా తగ్గాయి. చదువు అదే, మార్కులు అవే. నాకు 'రావు' అనే రెండో సగం ఉంది కాబట్టి కుర్చీ దొరికింది. మొదటి సగంతోనే బతకాల్సినవాడు ఆ గేటు దగ్గర్నుంచే వెనక్కి వెళ్లాడు. ఆ ఓనరు చెడ్డవాడని కూడా అనలేను. నెలనెలా అద్దె తీసుకుంటూ మా ఆవిడ చేతి గోంగూర గురించి అడిగేవాడు.

పేరు ఎక్కడ పుట్టినా దిద్దుబాటుకు రావాల్సింది నాంపల్లికే. పదో తరగతి పరీక్షల కార్యాలయం చాపెల్ రోడ్డులో, ఇంటర్ బోర్డు ఆ దగ్గర్లోనే, పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇక్కడే, అఫిడవిట్లు రాసేవాళ్లు కోర్టు బయట. మెమోలో ఒక అక్షరం, ఆధార్‌లో ఒక అక్షరం ఉన్నవాళ్లు జిరాక్సు షాపుల ముందు నిలబడి, తాము తామేనని స్టాంపు కాగితాలతో రుజువు చేసుకుంటూ ఉంటారు. ఆ మాటకొస్తే ఇక్కడి స్టేషన్‌కు కూడా కాగితాల్లో పేరు హైదరాబాద్ దక్కన్. ఆటోవాడితో అలా అని చూడండి, సికింద్రాబాద్‌లో దింపుతాడు. ఆబిడ్స్ కూడా ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం పేరే. ఆయన ఏమోళ్లో ఎవరూ అడగలేదు కాబోలు, అందుకే ఇంకా నిలిచి ఉంది.

కాబట్టి కొత్తగా తల్లిదండ్రులైన వారికి నా విన్నపం. మీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకోండి, నాయనమ్మ నోరు తిరిగేది అయితే మరీ మంచిది. జననం నమోదైన 12 నెలల్లోపు జనన రికార్డులో పేరు ఎక్కించుకోవడానికి రుసుమేమీ లేదు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుము కట్టి ఎక్కించుకోవచ్చు. ఎప్పుడు ఎక్కించినా స్పెల్లింగు మాత్రం అక్కడే నిలబడి రెండుసార్లు చదువుకోండి. చాపెల్ రోడ్డులో పార్కింగు దొరకదు.