స్లాబ్ సెరిఫ్ వాడేవారికి కొన్ని ఉచిత సలహాలు

నిలువు గీత ఎంత లావో, దాని పాదమూ దాదాపు అంతే లావుగా, అంచు పలకలా తెగి ఉందా? అయితే అది స్లాబ్ సెరిఫ్. ఇంతకు మించి తెలుసుకోకండి, లేనిపోని అనుమానాలు పుడతాయి.

లండన్‌లో అచ్చు అక్షరాల ఫౌండ్రీవాడు రాబర్ట్ బెస్లీ 1845లో క్లారెండన్ అనే స్లాబ్ సెరిఫ్ అక్షరాన్ని తెచ్చింది మామూలు అచ్చు మధ్యలో ఒక్క మాటను కొట్టొచ్చినట్టు చూపడానికి. నిఘంటువులవాళ్ళు అసలు పదాన్ని అందులో వేసి, అర్థాన్ని మామూలు అక్షరాల్లో వేసుకునేవారు. పిసినారితనం! మీరు మాత్రం అపార్ట్‌మెంట్ సంఘం నోటీసు మొదలుకొని ధన్యవాదాల దాకా అన్నీ క్లారెండన్ బోల్డ్‌లోనే కొట్టండి. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో దొరక్క జనం రెండుసార్లు చదువుతారు. మనకి కావలసిందీ అదేగా.

లైసెన్సు కొనమనేవాళ్ళ మాట చెవిన పెట్టకండి. బెస్లీ రిజిస్టర్ చేయించుకున్న హక్కు మూడేళ్ళు. అది తీరీతీరగానే తోటి ఫౌండ్రీలన్నీ క్లారెండన్‌లు పోతపోసుకున్నాయి. ఆయనకేం తక్కువైంది? 1869లో లండన్ లార్డ్ మేయరే అయ్యాడు.

ఇక సైజు. పీటర్ మథియాస్ నోర్ట్‌జై గీసిన సిసీలియా అనే స్లాబ్ సెరిఫ్‌ని చూడండి. సన్నగీతకీ లావుగీతకీ పెద్ద తేడా ఉండదు కనుక, తొలి కిండిల్ ఈ-రీడర్ల బూడిదరంగు తెర మీద కూడా గీత ఎక్కడా తెగలేదు. అంత గట్టి అక్షరం దొరికాక మొహమాటమెందుకు? 6 పాయింట్లకి దించి, లేత బూడిదరంగు పూసి, నిగనిగలాడే కాగితం మీద వేయండి. వరుసల మధ్య ఖాళీ కూడా పీకేయండి. పై వరుసలోని 'పి' కాలు కింది వరుసలోని 'హెచ్' నెత్తిన దిగుతుంది. అక్షరాల మధ్య ఎడమూ బిగిస్తే 'ఆర్', 'ఎన్' పాదాలు అతుక్కుని 'ఎం' అయిపోతాయి. ఒక అక్షరం మిగిలినట్టేగా!

తెలుగు అక్షరాలకీ కాళ్ళు అతికించండి. తలకట్టు ఉన్నవాడికి చెప్పులుండొద్దా?

చివరగా సినిమావాళ్ళకి. 1950ల్లో ఐబీఎం టైప్‌రైటర్ల కోసం హోవార్డ్ కెట్లర్ గీసిన కొరియర్ కూడా ఈ వంశమే. అందులో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గది. బక్కపలచని 'ఐ' ఆ గది నింపడానికి పాదాలు బారజాపుకుంటుంది. హాలీవుడ్‌లో 12 పాయింట్ల కొరియర్‌లో కొట్టిన పేజీని సుమారుగా ఒక నిమిషం కింద లెక్కేస్తారు. మీ స్క్రిప్టు 180 పేజీలొచ్చిందా? ఒక్క సీనూ కోయకండి, సైజు 8కి తగ్గించండి. సినిమా రెండు గంటల్లోపే వచ్చేస్తుందని నిర్మాతకి చెప్పండి. ఎడిటర్‌కి మాత్రం చెప్పకండి.