సింధనూరులో ఒక మాత్రల డబ్బా ఆత్మకథ

నేను తెల్లటి ప్లాస్టిక్ డబ్బాని. మూత ఆకుపచ్చ రంగు. లోపల 60 మాత్రలు, వాటితోపాటు తేమ పీల్చే చిన్న పొట్లం. ముందువైపు పెద్ద అక్షరాలతో మెగ్నీషియం అని రాసి ఉంటుంది. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. కొనేవాళ్లలో ఎక్కువమంది ముందువైపు చూసి డబ్బులిచ్చి వెళ్లిపోతారు. నేను చెప్పదలచుకున్నది వెనకవైపు సంగతి.

రాయచూరు జిల్లా సింధనూరులో, బస్టాండుకు దగ్గర్లోని ఒక మెడికల్ షాపులో కొన్నాళ్లు కూర్చున్నాను. యజమాని కన్నడ మనిషి. వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది కాబట్టి బేరం సగం కన్నడంలో, సగం తెలుగులో నడుస్తుంది. నా పక్కనే మెగ్నీషియం ఆక్సైడ్ మాత్రల షీట్లు ఉండేవి. కింది అరలో మిల్క్ ఆఫ్ మెగ్నీషియా సీసాలు. రోడ్డుకు అవతల ఎరువుల కొట్లో మా సల్ఫేట్ సంచులు. అందరిదీ ఒకటే వంశం, పనులే వేరు.

వంశం పాతదే. ఇంగ్లండులోని ఎప్సమ్ అనే ఊళ్లో 1618 ప్రాంతంలో ఒక రైతు తన ఆవులు ఒక గుంటలోని నీళ్లు ముట్టకపోవడం గమనించాడని చెబుతారు. నీళ్లు చేదు. వాటిని మరిగిస్తే మిగిలిన ఉప్పే ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్. 1808లో హంఫ్రీ డేవీ మెగ్నీషియం లోహాన్ని విడిగా తీశాడు. 1873లో అమెరికాలో చార్లెస్ ఫిలిప్స్ మిల్క్ ఆఫ్ మెగ్నీషియా తయారుచేశాడు. మూడు వందల ఏళ్లపాటు జనం మమ్మల్ని ఎరిగింది ప్రధానంగా విరేచనాల మందుగానే. నిద్ర కోసం, ఒంటి నొప్పులు తగ్గి హాయిగా ఉండటం కోసం మమ్మల్ని అడగడం ఈమధ్య పెరిగిన అలవాటు. ఈ పాత సంగతి గుర్తుంచుకుంటే మమ్మల్ని మింగిన కొందరికి కడుపు ఎందుకు చెడుతుందో తేలిగ్గా అర్థమవుతుంది.

రాయచూరు రైతులకు మా అవసరం మనుషుల కంటే ముందు పత్తి చేలో తెలిసింది. పూత, కాయ దశలో పత్తి ఆకు ఈనెల మధ్య ఎర్రబడితే, లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చేస్తారు. ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితంలో ప్రతి అణువు నడిమధ్యనా ఉండేది మెగ్నీషియమే. రిచర్డ్ విల్‌స్టేటర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పత్రహరితం మీద చేసిన పనికి 1915లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. పచ్చగా ఉన్న ఆకుకూర ఏది తిన్నా మమ్మల్ని కొంచెం తిన్నట్టే. రైతు ఎర్రబడిన ఆకు చూసి లోపం గుర్తుపడతాడు. మనిషి ఒంట్లో లోపం అంత తేలిగ్గా కనపడదు. పెద్దవాళ్ల శరీరంలో సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటే, సగానికి పైగా ఎముకల్లోనే ఉంటుంది. రక్తంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. అందుకే రక్తపరీక్ష మామూలుగా వచ్చినా ఒంట్లో నిల్వ నిండుగా ఉందని చెప్పలేం.

నన్ను కొన్నది సింధనూరు దగ్గర ఆంధ్రా రైతులు వేసుకున్న ఒక క్యాంపులో ఉండే నాయనమ్మ. ఆవిడ అత్తమామలు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నల్లరేగడి కొన్నవాళ్లు. నన్ను కొనడానికి ముందే ఆవిడ ఒకసారి షాపుకొచ్చింది. రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నాయనీ, నిద్ర పట్టడం లేదనీ చెప్పి నా పక్కనున్న ఆక్సైడ్ షీటు పట్టుకెళ్లింది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది.

“ఏం మాత్రలయ్యా ఇవి! నిద్ర సంగతి దేవుడెరుగు, తెల్లవార్లూ నీళ్ల విరేచనాలు.”

ఈసారి ఆవిడ వెంట మనవరాలు కూడా ఉంది. రాయచూరులో ఫార్మసీ చదువుతోంది. షీటు అడిగి తీసుకుని వెనక్కి తిప్పి చదివింది.

“నాయనమ్మా, ఇది రోజుకెన్ని వేసుకున్నావు?”

“పొద్దున రెండు, రాత్రి రెండు. త్వరగా తగ్గుతుందని.”

“ఒక్కో మాత్రలో 400 మిల్లీగ్రాముల ఆక్సైడ్ ఉంది. అందులో అసలు మెగ్నీషియం నూటికి 60 పాళ్లు, అంటే 240. నాలుగు వేసుకుంటే వెయ్యికి దగ్గర. దీంట్లో ఒంటికి పట్టేది తక్కువే, మిగిలినదంతా పేగులో ఉండిపోయి నీళ్లు లాగుతుంది. విరేచనాలు అవక ఏమవుతాయి?”

అమెరికా పోషకాహార నిపుణుల మండలి 1997లో పెద్దవాళ్లు మాత్రల రూపంలో తీసుకునే మెగ్నీషియానికి రోజుకు 350 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఆ హద్దు నిర్ణయించడానికి వాళ్లు చూసింది విరేచనాలనే. ఐరోపాలో ఆ హద్దు ఇంకా తక్కువ, 250. అన్నంలో, కూరల్లో వచ్చే మెగ్నీషియానికి ఈ హద్దు వర్తించదు.

అప్పుడు ఆ పిల్ల నన్ను అందుకుంది. నా ముందువైపు మెగ్నీషియం బిస్‌గ్లైసినేట్ 1000 మిల్లీగ్రాములు అని ఉంది. “ఇది వెయ్యి కదే, ఇంకా ఎక్కువ!” అని నాయనమ్మ భయపడింది. మనవరాలు వెనక పట్టిక మీద వేలు పెట్టి చూపించింది. వెయ్యి అనేది మొత్తం లవణం బరువు. అసలు మెగ్నీషియం 140 మిల్లీగ్రాములే, మిగిలినదంతా గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం. ఈ లెక్క ప్రతి కొనుగోలుదారుకూ అవసరమని నా గట్టి నమ్మకం. స్వచ్ఛమైన బిస్‌గ్లైసినేట్‌లో మెగ్నీషియం నూటికి 14 పాళ్లే ఉంటుంది. వెయ్యి మిల్లీగ్రాముల బిస్‌గ్లైసినేట్‌లో 200 ఉందని ఏ డబ్బా అయినా రాస్తే, అందులో చవకైన ఆక్సైడ్ కలిపి ఉండవచ్చని అనుమానించాలి. సిట్రేట్‌లో 16 పాళ్ల వరకు ఉంటుంది. అది ఆక్సైడ్ కంటే బాగా ఒంటబడుతుంది, కానీ మలాన్ని కాస్త మెత్తబరుస్తుంది. మలబద్ధకం ఉన్నవాళ్లకు అదే నయం. కడుపు సున్నితంగా ఉన్నవాళ్లు సాధారణంగా మా బిస్‌గ్లైసినేట్‌ను తట్టుకుంటారు. థ్రియోనేట్ అని ఇంకొకటి వస్తోంది, మెదడుకు మంచిదని చెబుతూ చాలా ఖరీదుకు అమ్ముతున్నారు. దానికి పేరు తెచ్చిన 2010 నాటి పరిశోధన ఎలుకల మీద జరిగింది. పల్లెలో ఉన్న పెద్దావిడ దానికోసం అంత డబ్బు పోయడం నాకు ఇష్టం లేదు.

నా మీద ఇంకో మాట కూడా ఉంటుంది, మందుగా వాడేందుకు కాదు అని. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం నేను ఆరోగ్య అనుబంధ ఆహారాన్ని మాత్రమే. జబ్బు నయం చేస్తానని చెప్పే హక్కు నాకు లేదు.

క్యాంపు ఇంట్లో నన్ను ఫ్రిజ్ పక్కన మందుల బుట్టలో పెట్టారు. అక్కడ నాకంటే ముందే చేరినవాళ్లు ఉన్నారు. పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర, టిఫినుకు ముందు గ్యాస్ మాత్ర, బీపీ మాత్ర. మనవరాలు అన్నిటినీ మంచం మీద వరుసగా పేర్చి ఫోటో తీసింది. డాక్టరుకు చూపించేదాకా నన్ను మొదలుపెట్టనివ్వలేదు. ఆ పిల్ల చేసిన పనుల్లో నేను అన్నిటికంటే మెచ్చుకున్నది ఇదే.

డాక్టరు ముందుగా అడిగింది గ్యాస్ మాత్ర గురించే. “ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారమ్మా?” నాయనమ్మకు సరిగ్గా గుర్తులేదు, ఏళ్లు గడిచాయి. ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ లాంటి మాత్రలు ఏడాదికి పైగా వాడితే రక్తంలో మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011 మార్చిలోనే హెచ్చరించింది. వాళ్లు పరిశీలించిన కేసుల్లో సుమారు పావువంతు మందికి మెగ్నీషియం మాత్రలు ఇచ్చినా ఫలితం లేకపోయింది, గ్యాస్ మాత్ర ఆపాల్సి వచ్చింది. అంటే ఒకవైపు నుంచి పోతూ ఉంటే నేను ఎంత పోసినా నిలవదు. మన ఇళ్లలో పొద్దున్నే కాఫీతోపాటు గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లు ఎంతమంది! ఏ డాక్టరు ఎప్పుడు రాశారో మరిచిపోయి, తెచ్చుకుని వేసుకుంటూనే ఉంటారు. ఈ సంగతి వాళ్లందరికీ చేరాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అయితే ఎవరికివారే ఆపేయకూడదు. నాయనమ్మకు కూడా డాక్టరు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. కొన్ని రకాల బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించేవి కూడా మెగ్నీషియాన్ని బయటికి పంపేస్తాయి. అదుపులో లేని షుగరు కూడా అంతే.

రక్తపరీక్షలో మెగ్నీషియం కొంచెం తక్కువే వచ్చింది, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగానే ఉంది. ఆ తర్వాతే నా మూత తీశారు. రాత్రి భోజనం అయ్యాక ఒకే మాత్ర, నిండు గ్లాసు నీళ్లతో. మొదటి వారమంతా మాత్రను సగానికి విరిచి ఇచ్చారు. కడుపులో ఏ గోలా లేదని తేలాక పూర్తి మాత్ర. థైరాయిడ్ మాత్రకూ నాకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే నేను దాన్ని ఒంటబట్టనివ్వను. అది తెల్లవారుజామున, నేను రాత్రి కాబట్టి పేచీ రాలేదు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడే రోజుల్లో కూడా నన్ను గంటల తరబడి దూరంగా ఉంచాలి, లేదా ఆ కోర్సు అయ్యేదాకా పక్కన పెట్టాలి.

ఫలితం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆవిడకు నిద్ర కొంత మెరుగైంది. అది నావల్లేనని నేను చెప్పుకోను. గ్యాస్ మాత్ర తగ్గింది, సాయంత్రం టీ మానేసింది, మనవరాలు సెలవులకు ఇంట్లో ఉంది. నిద్ర విషయంలో మాపై జరిగిన పరిశోధనలు చిన్నవి, కొద్దిమంది మీద జరిగినవి. పిక్కలు పట్టేయడం విషయంలో అయితే, పాత పరిశోధనలను కలిపి చూసి 2020లో వెలువడిన కోక్రేన్ సమీక్ష పెద్ద వయసువాళ్లకు మాతో చెప్పుకోదగ్గ ఉపశమనం ఉండకపోవచ్చని తేల్చింది. నాయనమ్మకు పిక్కలు ఇప్పటికీ అప్పుడప్పుడు పట్టేస్తాయి. లేచి గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు నొక్కి పిక్క సాగదీస్తే వదులుతుంది. లోపం ఉన్న ఒంటికి నేను లోపం తీరుస్తాను. లోపం లేనివాళ్లకు నానుంచి అద్భుతాలు ఆశించడం అన్యాయం.

ఆ ఇంట్లో రోజూ వినే మాటల్లో నన్ను బాగా ఆలోచింపజేసింది తాతయ్య మాట. “మేం వచ్చినప్పుడు ఇక్కడ ఎటు చూసినా జొన్నే” అంటాడాయన. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమ కాలువ నీళ్లు పారాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు వేసుకుని వరి పెట్టారు. సింధనూరు, మాన్వి సోనా మసూరి బియ్యం ఊళ్లయ్యాయి. ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలు చూడండి. వంద గ్రాముల జొన్నల్లో మెగ్నీషియం 130 మిల్లీగ్రాముల పైన, సజ్జల్లో 120 పైన, రాగుల్లో 140 పైన. దంపుడు బియ్యంలో 90 పైన. పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో 20 కూడా లేదు. పెద్దవాళ్లకు రోజుకు 300 మిల్లీగ్రాములకు పైనే కావాలి. మిల్లులో తవుడుతోపాటు పోయినదాన్నే నేను డబ్బాలో తిరిగి తెస్తున్నాను, ఎన్నో రెట్ల ధరకు.

నీళ్ల కథ కూడా ఇలాంటిదే. ఈ ప్రాంతపు బోరు నీళ్లు ఉప్పన, కాచిన గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ గట్టినీళ్లలో కాల్షియంతోపాటు మెగ్నీషియమూ ఉంటుంది. జిల్లాలో చాలా ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఉండటం వల్ల శుద్ధినీటి యంత్రాలు పెట్టారు, పెట్టాల్సిందే. ఆ యంత్రం ఫ్లోరైడ్‌తోపాటు మెగ్నీషియాన్నీ తీసేస్తుంది. యంత్రం మానేయమని అనను, తిండిలో ఆ లోటు పూడ్చుకోమంటాను. అందుకు దూరం వెళ్లక్కర్లేదు. క్యాంపు పక్క ఊళ్లలో కన్నడ ఇళ్లవాళ్లు ఇప్పటికీ జొన్న రొట్టె, శనగపప్పు కూర, వేరుశనగ చట్నీపొడి, పచ్చి మెంతికూర తింటున్నారు. పొలంలోకి వచ్చే కూలి ఆడవాళ్ల మూటలో ఉండేది అదే. నాయనమ్మ ఇంట్లో ఇప్పుడు రాత్రిళ్లు జొన్న రొట్టె చేస్తున్నారు. తట్టడం నేర్పింది ఆ కూలివాళ్లలో ఒకావిడే. నా డబ్బా అయిపోయాక ఇంకొకటి కొనాలా వద్దా అనేది డాక్టరు మళ్లీ పరీక్ష చూసి చెబుతారు. కొనకపోతే నాకు సంతోషమే.

మా వంశంలో అందరికంటే గొప్ప పని చేసేది సల్ఫేట్ ఇంజెక్షన్. కాన్పు సమయంలో బీపీ పెరిగి వచ్చే మూర్ఛను, అంటే గుర్రపువాతాన్ని, అది ఆపుతుంది. 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీల మీద జరిగి 2002లో వెలువడిన మాగ్‌పై అనే పరిశోధనలో, ఆ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకు మూర్ఛ వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గిందని తేలింది. అది ఎక్కిస్తున్నంతసేపూ నర్సమ్మలు మోకాలి మీద తట్టి కాలు కదులుతోందా చూస్తారు, ఊపిరి లెక్కపెడతారు, మూత్రం ఎంత వస్తోందో కొలుస్తారు. మెగ్నీషియం బయటికి పోయే దారి మూత్రపిండాలే. అవి పని చేయకపోతే అది రక్తంలో పేరుకుని బీపీని, ఊపిరిని, చివరికి గుండెనూ మందగింపజేస్తుంది.

ఆసుపత్రిలో అన్ని జాగ్రత్తలు తీసుకునే పదార్థాన్ని ఇంట్లో అడగకుండా మింగకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, షుగరు, బీపీ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు నన్ను కొనే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన సరేనంటేనే నా మూత తీయండి.