అరగని అల్యూమినియం: ఎంటెక్ విద్యార్థులకు చిట్కాలు

ప్రాజెక్టుకు అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్ కలిపే పని తీసుకున్నారా? మంచి ఎంపిక. ఖర్చు తక్కువ, గ్రాఫులు ఎక్కువ. నేను చెప్పినట్టు చేయండి.

పొడిని ముందు వేడిచేసి ఆరబెట్టమని ల్యాబ్ టెక్నీషియన్ అంటాడు. వినకండి. డబ్బా మూత తీసి, తేమతో సహా మూసలోకి గుమ్మరించండి. సగం పొడి పైన తెట్టుగా తేలుతుంది. దాన్ని గీకి పారేసి, పది శాతం కలిపామని రికార్డులో రాసుకుంటే సరి. ఒక శాతం మెగ్నీషియం వేస్తే కరిగిన లోహం పొడిని బాగా పట్టుకుంటుందని పుస్తకాలు చెబుతాయి. పుస్తకాలకేం, చెబుతూనే ఉంటాయి.

అయినా కలవలేదా? 720 డిగ్రీల దగ్గర ఆగకుండా 850కి పెంచండి. సిలికాన్ తక్కువున్న 6061లో ఆ వేడికి అల్యూమినియం కార్బైడ్ పుడుతుంది. అది పెళుసు, పైగా తేమ తగిలితే మీథేన్ వదులుతూ చెడిపోతుంది. వైవా దాకా ముక్కను బీరువాలో దాచుకోండి. ఏడు శాతం సిలికాన్ ఉన్న ఎ356 వాడితే ఈ గొడవ తగ్గేదే. కానీ స్టోర్లో 6061 కడ్డీ ఉండగా కొత్తగా ఇండెంట్ ఎవరు పెడతారు?

స్టిరర్ ఆపేశాక తీరిగ్గా పోయండి. కరిగిన లోహం కన్నా గింజలు బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి. అరుగుదల పరీక్షకు కావాల్సిన పిన్నును అడుగు ముక్కలోంచే కోయించండి. పై ముక్క తుక్కులోకి.

ఇక పిన్-ఆన్-డిస్క్ పరీక్ష. లోడు పది న్యూటన్లు దాటనివ్వకండి. బరువు పెంచుకుంటూ పోతే ఒక దశలో గింజలు పగిలి, ఊడివచ్చి, పిన్నుకూ డిస్కుకూ నడుమ పడి రెంటినీ గీస్తాయి. చక్కగా పడుకున్న గ్రాఫు ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. మనకెందుకు?

అసలు కిటుకు ఇది: పిన్నును అసిటోన్‌తో తుడిచి తూయండి, డిస్కును మాత్రం తూయకండి. గట్టి గింజలు ఉక్కు డిస్కును గీకుతాయి, రాలిన ఇనుము పిన్ను ముఖానికి పూతగా అంటుతుంది. దాంతో పిన్ను ఒక్కోసారి బరువు పెరుగుతుంది కూడా! అరుగుదల సున్నా అని రాయండి. అరిగింది ఎదుటిది కదా, మనది కాదు.

ఇక వాడకానికొస్తే, 1983లో టయోటా తన డీజిల్ పిస్టన్లకు రింగు కూర్చునే గాడి దగ్గర మాత్రమే సిరామిక్ పోగులు పెట్టింది. పిసినారితనం! మీరు పిస్టన్ మొత్తానికీ పెట్టండి. అరిగిపోయే టూళ్ల సంగతి వర్క్‌షాపువాళ్లు చూసుకుంటారు.

గైడు డిస్కు బరువెంత తగ్గిందని అడిగితే? సాధారణంగా అడగరు. అడిగేవారు దొరికితే మాత్రం ఈ చిట్కాలు చించేసి, ఆయన దగ్గరే పీహెచ్‌డీకి చేరండి.