ఆఫ్‌లైన్ మావయ్య

పెళ్లిపందిట్లో అందరి చూపూ తాళిబొట్టు మీద ఉన్న వేళ, ఓ గుంజకి ఆనుకుని సెల్‌ఫోన్ నెత్తి మీదికి ఎత్తి సిగ్నల్ కోసం వెతుక్కునే పెద్దమనిషి మన బంధువర్గాలన్నింట్లోనూ ఒకాయన ఉంటాడు. వరస ఏదైనా అందరూ మావయ్య అనే అంటారు. ఇంటికి తాళం వేసి వచ్చాడు, నాలుగు మూలలా నాలుగు సీసీ కెమెరాలు ఉన్నాయి, ఫోన్‌లో మాత్రం గుండ్రటి చక్రం తిరుగుతోంది. ఆ మొహం చూసి పక్కవాళ్లు దొంగలు పడ్డారేమోనని కంగారు పడతారు. ‘‘దొంగలా? అబ్బే, లైవ్ రావట్లేదు’’ అంటాడు. దొంగలే పడి ఉంటే ఇంత దిగులు ఉండదేమో అనిపించే గొంతు అది. ఈయన ఇంటికి కాపలా కాస్తున్నాడని లోకం అనుకుంటుంది, ఆయనా అదే అనుకుంటాడు. కాస్త నిదానించి చూస్తే ఆయన కాపలా కాసేది ఇంటికి కాదు, కెమెరాకి. బీరువా ఉన్నచోటే ఉందా అన్నది ఆయనకి రెండో సంగతి. ఉన్నట్టు ఇక్కణ్ణుంచి కనబడుతోందా అన్నదే మొదటిది.

ఈ మాట ఊరికే అనడం లేదు. అటక మీద దుమ్ము పట్టి కూర్చున్న రికార్డర్‌కీ ఇంటర్నెట్‌కీ ఉన్న చుట్టరికం చాలా దూరపుది. కెమెరాల నుంచి బొమ్మ వైరు మీదుగా దానిలోకి వస్తుంది, లోపలున్న హార్డ్‌డిస్క్ మీద పడుతుంది. ఊళ్లో సెల్ టవర్లన్నీ ఒకేసారి పడుకున్నా దాని పని దానిది, కరెంటు ఉంటే చాలు. మావయ్య ఇది ఒప్పుకోడు. తన కంటబడని రికార్డింగు ఆయన లెక్కలో రికార్డింగే కాదు. చూస్తేనే కాపలా అనే ఈ నమ్మకానికి ఎదురు సాక్ష్యం ఆంధ్రప్రదేశ్ పోలీసులే చూపించారు. ఊరెళ్లేవాళ్లు ముందుగా నమోదు చేసుకుంటే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు వాళ్లది. లోపల ఏదైనా కదిలితేనే కంట్రోల్ రూమ్‌కి కబురు వెళుతుంది. కదలనంతసేపూ ఎవరూ కళ్లు కాయలు కాచేలా చూడనక్కర్లేదు. మావయ్య చూసేదేమో అచ్చంగా ఆ కదలని భాగమే: మూసిన గేటు, ఆరేసిన తువ్వాలు, సాయంత్రం అయిదింటికి గోడ దూకే పిల్లి.

ఆయన కష్టాలకి విత్తనం కెమెరాలు బిగించిన రోజే పడుతుంది. నిచ్చెనతో వచ్చిన కుర్రాడు గోడలకి బెజ్జాలు కొట్టి, వైర్లు లాగి, చివర్లో మావయ్య ఫోన్ తీసుకుని ఇంటి వైఫైలోనే యాప్ తెరిచి చూపిస్తాడు. ‘‘చూడండి సార్, ఎంత క్లియరో!’’ నాలుగు గళ్లలో నాలుగు బొమ్మలు. కాఫీ తాగుతాడు, డబ్బు లెక్కపెట్టుకుంటాడు, వెళ్లిపోతాడు. ఇంతకీ అక్కడ రుజువైనది ఏమిటి? ఇంట్లో ఉన్న రికార్డర్ ఇంట్లో ఉన్న ఫోన్‌కి కనబడుతుందని. ఇంట్లో కూర్చుని ఇల్లు చూసుకోవడానికి కెమెరా దేనికి, తల తిప్పితే చాలు. అసలు పరీక్ష వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద వీధి చివర నిలబడి చూడటం. దానికి కుర్రాడికి తీరిక ఉండదు, మావయ్యకి తోచదు. మర్నాడు రైతుబజారులో యాప్ తెరిస్తే చక్రం. ఏమైందోనని పరుగున ఇంటికొస్తే, గడప దగ్గరే ఫోన్ వైఫై అందుకుంటుంది, బొమ్మ నిక్షేపంలా వస్తుంది. మళ్లీ బజారు, మళ్లీ చక్రం. ‘‘ఏమయ్యా, నీ కెమెరా రావట్లేదు’’ అని ఈయన, ‘‘మొన్న మీ ముందే వచ్చింది కదా సార్’’ అని అతను. ఇద్దరూ ఒట్టేసి చెబుతారు. ఇద్దరిదీ నిజమే. అందుకే ఆ తగువు తీరదు.

బయటికి రాగానే బొమ్మ ఎందుకు ఆగుతుందన్నది తెలుసుకోదగ్గ సంగతి. ఇంటర్నెట్‌లో పాత పద్ధతి చిరునామాలు, ఐపీవీ4 అనేవి, మొత్తం కలిపి సుమారు 429 కోట్లు. ప్రాంతాలకి పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరికే అయిపోయింది. చేసేది లేక కంపెనీలు వేలమంది ఖాతాదారుల్ని ఒక్కో చిరునామా వెనక కూర్చోబెడతాయి. అందుకోసమే 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరసను 2012లో విడిగా కేటాయించారు. ఫ్లాట్ నంబర్లు గేటు లోపలివాళ్లకే తెలిసిన పెద్ద అపార్ట్‌మెంట్ అనుకోండి. లోపలివాడు బయటికెళ్లి పని చూసుకుని రావచ్చు. బయటినుంచి ఎవరైనా వచ్చి ‘మావయ్య ఇల్లెక్కడ’ అంటే గేటు దగ్గరే ఆగిపోతాడు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే మావయ్య తన ఫ్లాట్ తలుపు బార్లా తెరిచి పెట్టడం. గేటు తన చేతిలో లేదు మరి. రౌటర్ పేజీలో వాన్ ఐపీ అని ఉన్నచోట 100తో మొదలై రెండో సంఖ్య 64కీ 127కీ మధ్య కనబడితే, ఆ ఆదివారమంతా యూట్యూబ్ చూస్తూ పోర్టులు తెరవడం కంఠశోషే. విడిగా స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి, లేదా పీటూపీ దారి పట్టాలి. ఈ రెండో దారిలో రికార్డరే ముందు బయటికెళ్లి తయారీదారు సర్వర్ దగ్గర పేరు నమోదు చేసుకుంటుంది, ఫోనూ అక్కడికే వెళుతుంది, సర్వర్ ఇద్దర్నీ కలుపుతుంది. కావలసిందల్లా క్యూఆర్ స్టిక్కరు స్కాన్ చేయడం. అది రికార్డర్ అడుగున ఉంటుంది, రికార్డర్ అటక మీద ఉంటుంది, నిచ్చెన కుర్రాడితో వెళ్లిపోయింది.

మావయ్య స్టిక్కరు కన్నా కుర్రాడు రాసిచ్చిన చీటీని నమ్ముతాడు. పర్సులో భద్రంగా ఉన్న ఆ చీటీ మీద రికార్డర్ చిరునామా 192.168.1.108 అని ఉంటుంది. తిరుపతి లాడ్జిలో కూర్చుని ఆ నంబరు పదేపదే కొడతాడు. అది ఇంటి గోడలు దాటి చెల్లని నంబరు. తిరుపతిలో కొడితే ఫోన్ ఆ లాడ్జి గోడల మధ్యే వెతుకుతుంది. ఇక ఇంటి లైనుకి నిజంగానే పబ్లిక్ ఐపీ ఉండి, పోర్టు తెరుచుకుని, పాస్‌వర్డ్ మాత్రం పెట్టెతో వచ్చిందే ఉంచేశాడనుకోండి, అది మరో ప్రమాదం. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ సరిగ్గా ఇలాంటి కెమెరాల్నీ రికార్డర్లనీ లక్షల్లో వశపరచుకుంది. ఆ అక్టోబరు 21న వాటితో చేసిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. యజమానికి తప్ప ప్రపంచంలో అందరికీ కనబడే కెమెరా ఉంటుందంటే ఎవరూ నమ్మరు గానీ, ఉంటుంది.

సరే, ఏదో దారిన బొమ్మ వచ్చింది. అప్పుడు హెచ్‌డీ మోజు మొదలవుతుంది. గేటు గొళ్లెం మీది తుప్పు కూడా కనబడాలి ఆయనకి. రెండు మెగాపిక్సెల్ కెమెరా మెయిన్ స్ట్రీమ్ సెకనుకి 2 మెగాబిట్లు లాగుతుందనుకున్నా, రోజుకి 1.5 జీబీ ప్యాకేజీ గంటా నలభై నిమిషాల్లో ఖాళీ. ఆపైన వేగం 64 కిలోబిట్లకి దిగిపోతుంది, అందులో హెచ్‌డీ సంగతి దేవుడెరుగు, అక్షరం ముక్క రావడమే గగనం. మధ్యాహ్నానికల్లా మావయ్య నెట్‌వర్క్‌ని తిట్టడం మొదలెడతాడు. సబ్ స్ట్రీమ్ అని చిన్న బొమ్మ పంపే ఏర్పాటు అదే యాప్‌లో, అదే తెర మీద ఉంటుంది. ఆరంగుళాల ఫోన్ మీద మనిషా, పిల్లా తెలియడానికి అది ఎక్కువే. కానీ ‘సబ్’ అంటే ఏదో తక్కువరకమని ఆయన అనుమానం.

మామిడితోటలో సోలార్ 4జీ కెమెరా పెట్టించిన మావయ్యది ఇంకో ఘట్టం. అందులో ఉన్నది సిమ్ కార్డు, ఆ సిమ్‌కి గడువుంది. గడువు దగ్గర పడిందని కంపెనీ తప్పకుండా మెసేజ్ పంపుతుంది, ఆ మెసేజ్ తప్పకుండా చేరుతుంది, మామిడిచెట్టుకి. చెట్టు ఎవరికీ చెప్పదు. ఇరవై తొమ్మిదో రోజున తోట ఆఫ్‌లైన్. నూజివీడు వైపు వాన పడిందేమోనని, సోలార్ ప్లేటు మీద కాకి రెట్ట వేసిందేమోనని, చివరికి ఎవరో గిట్టనివాళ్లు చేయించారేమోనని ఆలోచించి, ఆ తర్వాతే రీచార్జి గుర్తుకొస్తుంది.

ఇంతా విని భీమవరం, కైకలూరు వైపు రైతులు అడ్డు తగులుతారు, తగలాలి కూడా. రొయ్యల చెరువులో తెల్లవారుజాముకి నీళ్లలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగిపోయి, జనరేటర్ వేసేవాడు నిద్రపోతే పంటే పోతుంది. అలాంటివాడు రాత్రి రెండింటికి లేచి ఫోన్ చూసుకుంటే వేళాకోళం ఎందుకు? నిజమే, ఆయన్ని ఈ జాబితాలోంచి తీసేస్తాను. తీసేయడానికి కారణం మాత్రం నా వాదానికే బలం. చెరువు గట్టున కరెంటు పోతే కెమెరా పక్కనున్న రౌటరూ పోతుంది, బొమ్మా ఆగుతుంది. రొయ్యల రైతుకి ‘డివైస్ ఆఫ్‌లైన్’ అన్న రెండు మాటలే కబురు. అది చూసి మోటారు సైకిలు తీస్తాడు. మావయ్యా అవే రెండు మాటలు చూస్తాడు, చూసి యాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తాడు. ఒకరికి చెరువు ముఖ్యం, ఇంకొకరికి బొమ్మ.

అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నల్ని చూసుకోవద్దా అనేది రెండో అభ్యంతరం. దానికి నేను అంత తేలిగ్గా లొంగను. డాలస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. అక్కడ కొడుకు రాత్రి పడుకోబోతూ చూస్తే ఇక్కడ అమ్మ ఉదయం పూట కూర తరుగుతూ ఉంటుంది. బాగానే ఉంది. కానీ బొమ్మ ఆగిందంటే అమ్మకి ఫోన్ వస్తుంది, ‘‘ఎలా ఉన్నావు’’ అని కాదు, ‘‘అమ్మా, రౌటర్ ఆపి మళ్లీ వెయ్యి’’ అని. మోకాళ్ల నొప్పులతో ఆవిడ స్టూలు ఎక్కుతుంది. అమ్మ పడిపోతుందేమోనని పెట్టిన కెమెరా కోసం అమ్మ స్టూలెక్కడం ఒక్క ఆ కొడుక్కే కనబడదు, ఎందుకంటే అప్పుడు లైవ్ లేదు. చిన్న వయసు మావయ్య అతను, అంతే.

మావయ్యకి న్యాయం చేయవలసిన మాట కూడా ఒకటుంది. ఆయన తెలివితక్కువవాడు కాదు. కరెంటు పోయినా, రౌటర్ వేలాడినా, సిమ్ గడువు తీరినా, సర్వర్ పడుకున్నా, బ్యాటరీ పొదుపు పేరుతో ఫోనే యాప్‌ని నిద్రపుచ్చినా, తెర మీద వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే. తప్పు అటుందా, ఇటుందా, మధ్యలో ఉందా అన్నది చెప్పని యంత్రం ముందు ఎంత చదువుకున్నవాడైనా మంత్రాలకి దిగుతాడు. ఆపి వేయడం, తీసి ఎక్కించడం, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తీయడం అలాంటి మంత్రాలే, అప్పుడప్పుడూ ఫలిస్తాయి కూడా. వేరే సిమ్ ఉన్నవాడి ఫోన్‌లో ఒక్కసారి తెరిచి చూస్తే తప్పు ఎటువైపుదో సగం తేలిపోతుంది. కాకపోతే పాస్‌వర్డ్ పరాయి ఫోన్‌లో కొట్టడానికి మావయ్య ఒప్పుకోడు. ఆ పాస్‌వర్డ్ పెట్టెతో వచ్చిందేనని ఇందాక అనుకున్నాం కదా.

ఇక మిగిలింది పోలీసుల మాట. కెమెరాల వల్ల కేసులు తేలుతున్నాయి కదా అంటారు. తేలుతున్నాయి, హైదరాబాద్‌లో ‘నేను సైతం’ పేరుతో కాలనీవాళ్లచేత కెమెరాలు పెట్టించిందీ అందుకే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టమైతే జనం ఎక్కువగా వచ్చే సంస్థల్లో కెమెరాలు ఉండాలనీ, రికార్డింగు 30 రోజులు దాచాలనీ చెప్పింది. చట్టం అడిగింది దాచమని. పక్కింట్లో దొంగలు పడి, ఎస్సైగారు మీ వీధి కెమెరాలో పోయిన నెల రెండో తారీఖు రాత్రి చూపించండి అన్న రోజున మావయ్య మొదటిసారి నిచ్చెన తెప్పించి అటకెక్కుతాడు. నాలుగు కెమెరాలు సెకనుకి రెండేసి మెగాబిట్ల లెక్కన రోజుకి 86 జీబీ పైచిలుకు రాస్తాయి, ఒక టీబీ డిస్క్ పదకొండు రోజులకి నిండి పాతది చెరిగిపోతుంది. చెరగడం నయం. బటన్ బ్యాటరీ అయిపోయి గడియారం ఎప్పుడో 2000 సంవత్సరంలో ఆగిపోయింది, డిస్క్ చూస్తే పోయిన సంక్రాంతికే చచ్చిపోయి ఉంది. చాన్నాళ్లుగా అది కుయ్ కుయ్ మంటోంది గానీ, అటక మీద ఎలుకనుకున్నారు. ‘‘లైవ్ బ్రహ్మాండంగా వస్తోందండీ, కావాలంటే చూడండి’’ అని మావయ్య ఎస్సైగారి ముందు ఫోన్ పెడతాడు. అందులో అటక కింద నిలబడ్డ ఎస్సైగారే, కాస్త ఆలస్యంగా, కనబడతారు. సాయంత్రం కొత్త డిస్క్ పట్టుకుని కుర్రాడు వస్తాడు, బిగిస్తాడు, గడియారం సరిచేస్తాడు. ‘‘అంతా అయిపోయినట్టే సార్’’ అంటాడు. మావయ్య అప్పటికే వైఫై ఆపి వీధిలోకి నడిచి ఉంటాడు. ‘‘ఏమయ్యా, డిస్క్ మార్చావు కదా, ఇక లైవ్ స్పీడ్ పెరగాలే!’’