గట్టు మీద సెలెక్టరు

మా డెల్టా ఊళ్లలో సంక్రాంతికి కోడిపందేలు పెద్దవాళ్లవి, క్రికెట్ కప్పు కుర్రాళ్లది. కోతలైన చేలల్లో అప్పటికే మినుము మొలిచి ఉంటుంది కాబట్టి ఆట హైస్కూలు గ్రౌండులోనే. టెన్నిస్ బంతి, అంగలు వేసి కొలిచిన పిచ్, ఎల్బీడబ్ల్యూ ఊసెత్తని అంపైరు, బంతి చెరువులో పడితే రెండే పరుగులన్న ఒప్పందం. ఈ రూల్సు ఊరు దాటితే మారతాయి. మారనిది గట్టు మీద కుర్చీలో కూర్చున్న సెలెక్టరు గారు ఒక్కరే.

ఆయన్ని ఆ పదవిలో ఎవరూ వెయ్యలేదు, కాబట్టి తీసెయ్యడానికీ ఎవరికీ అధికారం లేదు. గుంటూరులో పుట్టిన ఎమ్మెస్కే ప్రసాద్ అంతటివాడే 2016 నుంచి 2020 దాకా భారత సెలక్షన్ కమిటీకి పెద్దగా ఉండి దిగిపోయాడు. మన సెలెక్టరు గారికి గడువూ లేదు, కమిటీ లేదు. ఉన్నదల్లా షామియానా వాళ్ల దగ్గర ఏరి తెచ్చుకున్న చేతుల కుర్చీ, ఓ నల్ల గొడుగు. ఆ కుర్చీ సరిగ్గా బౌలరు వెనకాల వేస్తారు.

"మావయ్యా, గొడుగు కాస్త పక్కకి జరుపుకోండి, బంతి కనపడట్లేదు" అని బ్యాటింగు కుర్రాడు మొత్తుకుంటాడు.

"లార్డ్స్‌లో నాయుడు గారు ఇలాగే అడిగారంట్రా?"

నాయుడు గారంటే మా పంచాయతీ ప్రెసిడెంటు కాదు, సి.కె. నాయుడు. 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టు ఆడినప్పుడు కెప్టెను. పుట్టింది నాగపూర్లో అయినా పూర్వీకులది బందరు. ఆ ఒక్క ఆధారంతో సెలెక్టరు గారు ఆయన్ని తమ ఇంటి మనిషిని చేసేసుకున్నారు. "1953లో ఆంధ్రా మొదటిసారి రంజీలోకి దిగితే ఆయనే కెప్టెను. అప్పటికి 58 ఏళ్లు! మీకేమో 18కే రెండో పరుగుకి ఆయాసం."

"మరి మీరెందుకు ఆడలేదు మావయ్యా?"

ఈ ప్రశ్న కోసమే ఆయన పొద్దున్నించీ కూర్చున్నారు. మోకాలు. జిల్లా సెలక్షనుకి ముందురోజు ఫాస్ట్ బౌలరు బంతి తగిలిందని కుర్రాళ్లతో చెబుతారు. ఊళ్లో పెద్దలతో అయితే మోకాలు బాగానే ఉంది, రాజకీయాలే బాగాలేవు. గడ్డిబండి మీంచి పడ్డారని అత్తయ్య గారి కథనం. చెప్పిన ప్రతిసారీ ఆ దెబ్బ, ఓవరు మారగానే బౌలింగు ఎండు మారినట్టు, కుడి మోకాలి నుంచి ఎడమ మోకాలికి వెళుతుంది.

ఆయన జోస్యానికి తిరుగులేదు. బౌలరు పరుగు మొదలెట్టగానే "ఇప్పుడు చూడు..." అని ఆపేస్తారు. సిక్సరు వెళితే "చెప్పానా!" వికెట్టు పడితే "చెప్పానా!" 2005 ఏప్రిల్లో విశాఖలో పాకిస్తాన్ మీద ధోనీ వన్‌డౌన్లో దిగినప్పుడు, ఆ జులపాలు చూసి "వీడు పది నిమిషాలుంటే ఎక్కువ" అన్నది ఈయనే. ధోనీ 148 కొట్టాక "కుర్రాడిలో సరుకుందని చూడగానే పసిగట్టాను" అన్నదీ ఈయనే. రెండో మాట టీకొట్టు అతనికి బాగా గుర్తుంది. ఎందుకంటే ఆ పూట అందరి టీల డబ్బులూ సెలెక్టరు గారే ఇచ్చారు.

2024 డిసెంబరులో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్ టెస్టులో 114 కొట్టాక ఆయన పరపతి మరీ పెరిగింది. ఎడమ కాలు ముందుకు వెయ్యమని టీవీకి చెప్పింది తనేనట. అప్పట్నించీ తండ్రులు కొడుకుల్ని వెంటబెట్టుకుని గట్టెక్కుతున్నారు. "మావాణ్ణి అకాడమీలో చేర్పించమంటారా?" ఆయన కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, రెండు అడుగులు నడిపించి, మోచెయ్యి పైకెత్తించి, చివరికి "ముందు పదో తరగతి గట్టెక్కనీ" అంటారు. ఆయన సలహాల్లో ఊళ్లో తల్లులందరికీ నచ్చింది ఇదొక్కటే.

ఈసారి ఫైనలు ఆఖరి బంతికి వచ్చింది. నాలుగు పరుగులు కావాలి. స్ట్రయికులో ఉన్నది ఇంటరు చదివే బక్క కుర్రాడు. సెలెక్టరు గారు కుర్చీ మీద లేచి నిలబడి "సింగిల్ తియ్యరా! సింగిల్!" అని అరిచారు. నాలుగు కావలసినచోట సింగిలేమిటని గట్టంతా తెల్లబోయింది. కుర్రాడు బంతిని చింతచెట్టు మీదుగా లేపాడు.

"చెప్పానా!"

"మీరు సింగిలన్నారు కదా మావయ్యా!"

"అది నీకోసం కాదురా. సింగిలంటే ఫీల్డర్లు ముందుకొస్తారు. వచ్చారా? నువ్వు వాళ్ల నెత్తి మీంచి లేపావా? దాన్నే ప్లానంటారు."

ఫీల్డర్లు అంగుళం కూడా కదల్లేదు. గెలిచిన వేడిలో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

కప్పులిచ్చే వేళకి అసలు చిక్కు బయటపడింది. స్కోరు రాసే తొమ్మిదో తరగతి బుడ్డోడు సెమీఫైనలు మధ్యలో భోజనానికెళ్లాడు. పుస్తకంలో మొత్తం పరుగులున్నాయి గానీ, ఎవడు ఎన్ని కొట్టాడో మూడు ఓవర్లకి లెక్క లేదు. పొద్దున్నించీ ఆయన్ని ఆటపట్టించిన కుర్రాళ్లే కుర్చీ చుట్టూ మూగారు. ఆయన కళ్లు మూసుకుని, ఏ బంతి ఎవడేశాడో, ఎవడు కొట్టాడో, ఏ క్యాచి ఎవడి చేతుల్లోంచి జారిందో వరసగా అప్పజెప్పారు. పుస్తకంలోని మొత్తానికి ఒక్క పరుగు తేడా రాలేదు.

"నా రెండో ఫోరు ఎటు వెళ్లింది మావయ్యా?"

"కవర్సు మీదుగా. నేను చెప్పినట్టే కొట్టావు."

ఆయన ఆ కుర్రాడికేమీ చెప్పలేదు, ఆ సంగతి కుర్రాడికీ తెలుసు. అయినా బుద్ధిగా తలూపాడు. ఆ ఫోరుకి ఊళ్లో వేరే సాక్షి ఎవడున్నాడు గనక?