ఫోన్‌లో కలిపిన హైడ్రోస్

మా మావయ్యకి కశింకోట అవతల రెండెకరాల చెరుకుంది. ఇన్నాళ్లూ బెల్లం వండించి అనకాపల్లి మార్కెట్‌కి తోలడమే ఆయనకి తెలుసు. అక్కడ కొనేవాడు దిమ్మని తిప్పి చూస్తాడు, గోటితో గిల్లుతాడు, నోట్లో వేసుకుని మొహం చిట్లిస్తాడు. మొహం చిట్లించడం బేరంలో భాగం. రుచితో దానికి సంబంధం లేదు.

ఈ ఏడు మా బావ ఆయనకో కొత్త ఫోన్ కొనిచ్చాడు. "మధ్యలో ఎవరూ వద్దు నాన్నా, ఫొటో తీసి బరంపురం షావుకారికి వాట్సాప్‌లో పెట్టీ" అన్నాడు. మావయ్య గానుగ దగ్గర నిలబడి ఫొటో తీశాడు. చేతిలో దిమ్మ పాత ఇత్తడి చెంబులా ఉంది. ఫోన్‌లో దిమ్మ చింతపండేసి తోమిన చెంబులా ఉంది.

"ఏట్రా ఇది, నా బెల్లమేనా?"

"నీదే నాన్నా. ఇందులో ఏఐ ఉంది. కొంచెం బాగు చేస్తాది."

"నాను సెయ్యమన్నానేటి?"

షావుకారు రెండు నిమిషాల్లో జవాబిచ్చాడు: మొదటి రకం, పంపించండి. సరుకు వెళ్లాక ఫోనే చేశాడు. "ఫొటోలో ఒకటి, బుట్టలో ఒకటి. హైడ్రోస్ బెల్లంలో కాకుండా ఫోన్‌లో కలిపేరేటండీ?"

మావయ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పెనంలో చిటికెడు హైడ్రోస్ వేసి ఎరగని మనిషి ఆయన.

ఎరగనివారికి చెబుతాను. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. చెరుకురసం మరిగేటప్పుడు వేస్తే నల్లబడాల్సిన బెల్లం పచ్చగా నవ్వుతుంది. కొన్నాళ్లు నిల్వ ఉంటే ఆ నవ్వు వాడిపోయి అసలు రంగు బయటపడుతుంది. గంధకం మాత్రం లోపల మిగులుతుంది. కిలో బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ 70 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన ఉంది. మా తాతలు బెండమొక్కల జిగురు పోసి మడ్డి తేల్చి తీసేవారు. ఇలాంటివి రైతుకి చెప్పడానికి 1913లో మొదలైన పరిశోధనా స్థానం అనకాపల్లిలోనే ఉంది. ఫోన్‌కి చెప్పేవాడే లేడు.

హైడ్రోస్ ఎందుకయ్యా అని రైతునడిగితే, "నల్లగా ఉంటే కొనరు బాబూ" అంటాడు. ఫోన్ కంపెనీ వాణ్ణి అడిగినా అదే మాట, కాకపోతే కోటు వేసుకుని చెబుతాడు. రైతు దగ్గర శాంపిల్ తీసి సీసాలో పోసి సీలు వేస్తారు. ఫోన్ కంపెనీకి మనమే వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి, హైడ్రోస్ కాస్త ఎక్కువ వేసిన మోడల్ ఉందా అని అడిగి మరీ తెచ్చుకుంటాం.

బెల్లాన్నే కాదు, చంద్రుణ్ణీ వదల్లేదు. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి బొమ్మని కావాలనే మసకబరిచి, కంప్యూటర్ తెరమీద పెట్టి, గది చీకటి చేసి, శామ్‌సంగ్ ఫోన్‌తో ఫొటో తీశాడు. తెరమీద లేని గుంటలు, మచ్చలు ఫొటోలో దిగాయి! ఇదేం చోద్యమంటే, అది చంద్రుడని ఏఐ గుర్తుపట్టి వివరాలు మెరుగు పరుస్తుందని కంపెనీ సెలవిచ్చింది. అదే ఏడాది ఆగస్టు 23న మన చంద్రయాన్-3 నిజంగానే వెళ్లి అక్కడ దిగింది. ఖర్చు 615 కోట్లన్నారు. టీకొట్టు దగ్గర మా గవరపాలెం మిత్రుడు లెక్కవేసి తేల్చాడు: "ఒక ఫోనూ ఒక చీకటిగదీ ఉంటే పోయేది కదా, అంత డబ్బు తగలేశారు."

2025 సెప్టెంబరులో చీరల జాతర వచ్చింది. మా అనకాపల్లి నూకాలమ్మ జాతర కొత్త అమావాస్యకి వస్తుంది, దీనికి తిథీ లేదు, వారమూ లేదు. మొహం ఫొటో ఒకటిస్తే గూగుల్ వారి జెమినీ పట్టుచీర కట్టి, జడలో పూలు పెట్టి, వెనకాల సూర్యాస్తమయం వేసి ఇచ్చింది. మా అత్తయ్య తన బొమ్మ చూసుకుని అడిగింది ఒక్కటే: "ఈ చీర ఎవరు కొన్నారు?" మావయ్య చాలాసేపు జవాబు చెప్పలేకపోయాడు.

ఇక ఈ పాకమంతా మా జిల్లాలోనే వండుతారట. విశాఖ పరిసరాల్లో భారీ ఏఐ కేంద్రం పెడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. స్థలాల వరసలో అనకాపల్లి జిల్లా రాంబిల్లి పేరూ వినబడింది. టీకొట్టులో ఒకడు ఉద్యోగాలన్నాడు, ఒకడు సెంటు భూమి రేటన్నాడు. కరెంటు గిగావాట్లలో కావాలని, మిషన్లు వేడెక్కితే చల్లార్చాలని ఇంకొకడు పేపరు చదివి వినిపించాడు.

మావయ్య శ్రద్ధగా విని, "గానుగ లాంటిదేరా. పెనం కాగాలి, అచ్చులో సల్లారాలి" అన్నాడు. కాసేపాగి, "మన పిప్పి మన పొయ్యిలోకే ఎళ్తాది. ఆళ్ల పిప్పి ఏటి సేత్తారో?" అన్నాడు. పేపరు చదివినవాడు పేజీ తిప్పాడు. అక్కడ సమాధానం లేదు, రాశిఫలాలున్నాయి.

నేనేదో సత్యసంధుణ్ణని అనుకోకండి. ఈ కాలమ్ పక్కన అచ్చయ్యే నా ఫొటో జోలికి మాత్రం ఎవరూ రాకండి. అది పన్నెండేళ్ల కిందట వండిన దిమ్మ.

పోయిన వారం నేనే మావయ్య ఫోన్ తీసుకుని, సెట్టింగుల్లో నాలుగు గదులు దాటి, ఆ మెరుగులు పెట్టే మీటని వెతికి ఆపేశాను. ఆయన కొత్త దిమ్మని ఫొటో తీశాడు. చేతిలో ఎలా ఉందో తెరమీదా అలాగే ఉంది. పళ్లు కనబడేలా నవ్వి బరంపురం పంపించాడు.

ఈసారి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. షావుకారు గొంతులో నిజమైన జాలి.

"ఏటండీ, మీ కెమెరా పాడైపోయినట్టుంది. ఓసారి షాపులో సూపించండి."