పట్టపగలే వెలుగు

2014లో హుద్‌హుద్ తుపాను కొట్టిన దెబ్బకు విశాఖ సోడియం దీపాలు వదిలి ఎల్‌ఈడీకి మారింది. 2015 జనవరిలో కేంద్రం దేశమంతటికీ ఎల్‌ఈడీ వీధిదీపాల పథకం ప్రకటించింది. పెట్టుబడి మున్సిపాలిటీది కాదు, కరెంటు బిల్లులో మిగిలే సొమ్ముతోనే వాయిదాలు. లెక్క భేషుగ్గా ఉంది! బిల్లు సగం ఆదా అన్నారు. కొన్ని కాలనీల్లో పూర్తిగా ఆదా, అసలు దీపమే వెలగదు కదా. పక్క వీధిలో మాత్రం మిట్టమధ్యాహ్నం సూర్యుడికి తోడుగా వెలుగుతుంటాయి. ఫిర్యాదు చేయబోతే స్తంభం నంబరు అడుగుతారు. చీకట్లో ఆ నంబరు చదివేదెట్లా? (అది వేరే ఫిర్యాదట.) అయ్యా కమిషనర్ గారూ, 'స్మార్ట్' దీపాల టెండరు నిదానంగా పిలవొచ్చు గానీ, ముందు మా వీధికి నిచ్చెనతో ఒక లైన్‌మన్‌ను పంపండి.